కొత్త పికప్: ఇంజన్ పదేళ్ళు రావాలి, ఆయన నడుము నిలవాలి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మదనపల్లె దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా బెంగళూరు పక్కన హొసకోటెలో ఉంటున్నాం. మా ఆయన వారంలో మూడు రాత్రులు ఊరి నుంచి చింతామణి మీదుగా టమాటా, బీన్స్ తెచ్చి, తెల్లారేసరికి వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు హోటళ్ళకు, కూరగాయల షాపులకు వేస్తారు. ట్రిప్పుకు 15 కిలోల బాక్సులు 80. ఎండాకాలంలో బంగారుపాళ్యం నుంచి మామిడి కూడా తెస్తారు. ఉన్న పికప్‌కు పదేళ్ళు నిండాయి, ఇంజన్ రెండుసార్లు విప్పించాం. ఆయనకు 42 ఏళ్ళు. ఈ మధ్య బండి దిగగానే నిటారుగా నిలబడలేకపోతున్నారు. కుడికాలు తిమ్మిరి పడుతోందని కూడా అన్నారు. కొత్త బండి కొందామంటే ఇంట్లో తలా ఒక మాట. మా అన్న టయోటా హైలక్సో, ఇసుజు వీ-క్రాసో తీసుకోండి, మెత్తగా ఉంటుంది, పిల్లలతో ఊరికీ పోవచ్చు అంటాడు. మా మరిది బొలేరో పికప్ అంటాడు. టెక్సాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా తన ర్యామ్ ట్రక్కు, కమ్మిన్స్ ఇంజన్ సంగతే చెప్తాడు. చేతిలో నాలుగు లక్షలున్నాయి, మిగతాది లోన్. తప్పు బండి కొంటే ఐదేళ్ళు దానికే కట్టుకోవాలని టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?
హొసకోటె నుంచి ఒక సోదరి

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం చదవగానే కాగితం తీసుకుని 80 బాక్సుల లెక్క వేశాను. బాక్సుకు 15 కిలోలంటే 1200 కిలోలు. ఖాళీ ప్లాస్టిక్ బాక్సు కూడా ఒకటిన్నర, రెండు కిలోలు తూగుతుంది. మార్కెట్లో ఆ బరువును ఎవరూ లెక్కలోకి తీసుకోరు, బండి మాత్రం మోయాల్సిందే. దాంతో 1350 దగ్గరికి వచ్చింది. ముందు సీట్లో బావగారు, పక్కన మీ మరిదో కూలి మనిషో, టార్పాలిన్, తాళ్ళు, జాకీ అన్నీ కలిపితే 1500. అంటే మీ బండి రాత్రిపూట 1500 కిలోలు ఎత్తుకుని ఆయాసపడకుండా రావాలి. తెల్లారాక అదే బండి సగం లోడుతో మొదలై, ఖాళీ అవుతూ, ఊరి ట్రాఫిక్‌లో నాలుగైదు గంటలు ఆగుతూ కదులుతూ తిరగాలి. ఇంజన్ గురించి అడిగినా, నడుము గురించి అడిగినా జవాబు ఈ రెండు పనుల్లోంచే తీయాలి.

ఇంకో పని కూడా చేయండి. పాత బండి ఆర్‌సీ బయటికి తీయండి. అందులో బండి ఖాళీ బరువు ఒకటి, లోడుతో కలిపి మొత్తం బరువు ఇంకొకటి ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే ఆ బండి మొయ్యగల బరువు, మనుషులతో సహా. అది 1200, 1300 దగ్గర ఉంటే ఇంజన్ రెండుసార్లు ఎందుకు విప్పాల్సి వచ్చిందో సగం అర్థమవుతుంది. పదేళ్ళు ప్రతి ట్రిప్పుకూ రెండు మూడు వందల కిలోలు ఎక్కువ మోసిన బండి అది. దాన్ని తిట్టుకోకండి, మీ ఇంటికి అన్నం పెట్టింది.

మీ అన్నయ్య చెప్పిన బండ్లు రెండూ మంచివే. హైలక్స్‌లో ఉన్నది ఫార్చ్యూనర్‌కు పెట్టే 2.8 లీటర్ల ఇంజనే, 204 హెచ్‌పీ. వీ-క్రాస్‌లో 1.9 లీటర్ల ఇంజన్, 163 హెచ్‌పీ. దాన్ని మన శ్రీసిటీలోనే తయారుచేస్తున్నారు, ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. కానీ వీటిని మీ పని దగ్గర పెట్టి చూడండి. రెండూ ఐదుగురు కూర్చునే బండ్లు. పొడవు 5.3 మీటర్లు. అందులో ఎక్కువ భాగం క్యాబిన్‌కే పోతుంది, వెనక తొట్టిలో మనిషి కాళ్ళు చాపుకుని పడుకోలేడు. 80 బాక్సులు అందులో పట్టవు, పట్టించినా ఆ బరువు వాటికి రాసిపెట్టింది కాదు. పైగా ఇవి తెల్ల బోర్డు మీద సొంత వాడకానికి అమ్మే బండ్లు. రోజూ సరుకు వేసుకుని రాష్ట్రం సరిహద్దు దాటుతుంటే చెక్‌పోస్టు దగ్గర ప్రతిసారీ జవాబు చెప్పుకోవాలి. వీ-క్రాసే ఇరవై లక్షలు దాటుతుంది, హైలక్స్ ముప్పై లక్షల ఒడ్డున ఉంటుంది. నాలుగు లక్షలు చేతిలో పెట్టుకుని అంత లోన్ ఎత్తితే కూరగాయల మీద వచ్చే లాభమంతా బ్యాంకుకే పోతుంది. నాకు ఇది ఏమాత్రం ఇష్టం లేదు.

మెత్తగా ఉంటుందన్న మాట కూడా సగమే నిజం. ఈ రెండు బండ్లకూ ముందు వైపు ఒక్కో చక్రం విడిగా కదిలే విష్‌బోన్ ఏర్పాటు, కాయిల్ స్ప్రింగులు. వెనక మాత్రం మీ పాత పికప్‌కు ఉన్నట్టే కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు. ముందు సీట్లో హాయిగా ఉంటుంది. తొట్టి ఖాళీగా ఉంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక సీట్లో పిల్లలు ఎగిరిపడతారు. పిల్లలతో ఊరికి పోవడానికే అయితే ఎప్పుడైనా చిన్న పాత కారు చూసుకోవచ్చు. సరుకు బండి, ఇంటి బండి ఒకటే కావాలనుకుంటే రెండు పనులూ అరకొరగా అవుతాయి.

ఇసుజులోనే ఎస్-క్యాబ్ అని ఐదు సీట్ల సరుకు బండి ఉంది. 2.5 లీటర్లు, 78 హెచ్‌పీ, నిదానమైన ఇంజన్, క్యాబిన్ బాగుంటుంది. అది మోసేది టన్ను దగ్గర. మీకు 40, 50 బాక్సులే అయితే నేను మొదట చెప్పేది ఆ బండే.

ఇప్పుడు టెక్సాస్ సంగతి. మీ పెద్దమ్మగారి అబ్బాయి మాటలో నిజం ఉంది. ర్యామ్‌లో వచ్చే కమ్మిన్స్ 6.7 లీటర్ల ఇంజన్‌కు ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి, లారీ ఇంజన్ కట్టుబడి దానిది. అక్కడ దానికి పోటీగా ఫోర్డ్ 6.7 లీటర్లు, జనరల్ మోటార్స్ 6.6 లీటర్ల వీ-8 డీజిల్ ఇంజన్లు అమ్ముతాయి. గుర్రాల బండిని, పడవని, చిన్న ఇల్లంత ట్రెయిలర్‌ని వెనక కట్టుకుని వందల మైళ్ళు లాగే రోడ్లు అవి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి అక్కడ వాడిన బండిని ఇక్కడికి తెప్పించుకునే దారి కూడా మామూలు మనుషులకు లేదు. దాన్ని ఫోన్‌లో విని ఆనందించడమే.

కానీ ఆ ర్యామ్ కథలో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది, అందుకే ఆగి చెప్తున్నాను. 2019, 2020 మోడళ్ళలో ఆ కంపెనీ కొత్త రకం హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు పెట్టింది. ఆ పంపు లోపల అరిగి, ఆ రజను డీజిల్ లైనంతా పాకి, బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోయే ప్రమాదం వచ్చింది. 2021లో రెండు లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచి పాత రకం పంపే బిగించారు. ఇంజన్ దిమ్మె, పిస్టన్లు, క్రాంక్ అన్నీ రాయిలా ఉన్నాయి, ఒక్క పంపు దగ్గర దెబ్బ తగిలింది. ఇప్పటి డీజిల్ బండ్లన్నిటికీ ప్రాణం అక్కడే ఉంది. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు, కారు టైరులో గాలి రెండు బార్లకు కాస్త పైన ఉంటుంది. ఈ పంపు డీజిల్‌ను వెయ్యి బార్లు దాటించి ఇంజెక్టర్లలోకి తోస్తుంది. అంత ఒత్తిడిలో తిరిగే పంపుకు లోపల వేరే ఆయిల్ ఉండదు. డీజిలే దానికి ఆయిల్. అందులో నీళ్ళు కలిసినా, పొరపాటున పెట్రోల్ పడినా ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. మీ పాత బండి కల్తీ డీజిల్‌ను దగ్గుతూ తాగేసి ఉండొచ్చు. కొత్త బండి తాగలేదు.

అందుకని బావగారితో చెప్పండి. ఒకటి రెండు నమ్మకమైన బంకులు పెట్టుకోండి. తక్కువకు వస్తుందని డ్రమ్ములో అమ్మే డీజిల్ జోలికి పోవద్దు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు దిగే చిన్న బిరడా ఉంటుంది. వానాకాలంలో దాన్ని ఎన్నాళ్ళకోసారి విప్పాలో షోరూమ్‌లో దగ్గరుండి నేర్చుకోండి. పారదర్శకమైన సీసాలో పట్టి వెలుతురులో చూస్తే అడుగున నీటి బుడగ కనపడుతుంది. ఒక్కసారి చూస్తే చాలు, మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మీ బరువుకు సరిపోయే బండ్లు. ఇంజన్ ఎంతకాలం వస్తుందో చూడటానికి నేను మొదట వేసుకునే లెక్క చిన్నది. హెచ్‌పీని లీటర్లతో భాగిస్తాను. ఒక్కో లీటరు ఎంత కష్టపడుతోందో తెలుస్తుంది. బొలేరో పికప్‌లో 2.5 లీటర్ల ఇంజన్, మోడల్‌ను బట్టి 70 నుంచి 80 హెచ్‌పీ. లీటరుకు 28 నుంచి 32. టాటా యోధా 2.2 లీటర్లు, 100 హెచ్‌పీ, అంటే లీటరుకు 46. టాటా ఇంట్రా వీ50, అశోక్ లేలాండ్ బడా దోస్త్ రెండూ దాదాపు 1.5 లీటర్లు, 80 హెచ్‌పీ. అక్కడ 53, 54. హైలక్స్ 73. వీ-క్రాస్ 86. ఎక్కువ అంకె ఉన్నది చెడ్డ ఇంజన్ అని కాదు. దాని లోహం, చల్లబరిచే ఏర్పాటు, ఆయిల్ అన్నీ అందుకు తగ్గట్టే చేస్తారు. కాకపోతే సర్వీసు ఆలస్యమైనా, వేడెక్కినా, ఫిల్టర్ మూసుకుపోయినా ఓర్చుకునే శక్తి తక్కువ అంకె ఉన్నదానికే ఎక్కువ. కూరగాయల వ్యాపారంలో ఒక్కోసారి సర్వీసు వాయిదా పడుతుంది. సరుకు ఆగదు కదా.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. బంగారుపాళ్యంలో మామిడి ఎత్తుకుని పలమనేరు వైపు వస్తే మొగిలి ఘాట్ ఎక్కాలి. అక్కడ హెచ్‌పీ కంటే లాగే శక్తి కావాలి. దాన్ని ఎన్ఎంలో, అంటే న్యూటన్ మీటర్లలో చెప్తారు. బొలేరోకు 200 నుంచి 220, యోధాకు 250, బడా దోస్త్‌కు 190, ఇంట్రా వీ50కి 220. మలుపులో గేరు దించి ఎక్కిస్తున్నప్పుడు యోధాలో తేడా కాలికి తెలుస్తుంది. ఏడాదిలో రెండు నెలల పని కోసం దాన్నే ఎంచుకోవాలా అన్నది తర్వాత చెప్తాను.

అంతకంటే పెద్ద సంగతి సైలెన్సర్ దగ్గర ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6 అనే పొగ కాలుష్య నియమం కిందికి వచ్చాయి. డీజిల్ బండికి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఒకటి పెట్టారు, డీపీఎఫ్ అంటారు. మసి నిండగానే ఇంజన్ కాస్త ఎక్కువ డీజిల్ పంపి ఫిల్టర్‌ను 550, 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. ఈ పని జరగాలంటే బండి కాసేపు ఆగకుండా నడవాలి. టిన్ ఫ్యాక్టరీ దగ్గర, కేఆర్‌పురం బ్రిడ్జి కింద పది అడుగులు కదిలి ఐదు నిమిషాలు ఆగే బండిలో ఆ వేడి రాదు. కాల్చడం మొదలవుతుంది, మనం షాపు ముందు బండి ఆపేస్తాం, మధ్యలో ఆగిపోతుంది. రేపు మళ్ళీ అదే.

మూడేళ్ళ క్రితం ఒకాయన తన పికప్ తెచ్చి చూడమన్నాడు. కోరమంగల చుట్టుపక్కలే మంచినీళ్ళ క్యాన్లు వేసే బండి. ఏడాదిలో ఒక్కసారి కూడా హైవే ఎక్కలేదు. బండి లాగడం తగ్గింది, మీటర్లో పసుపు దీపం ఎప్పటి నుంచో వెలుగుతోంది. నేను ఆయిల్ కడ్డీ బయటికి లాగి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి తీశాను. ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి ఉంది. మామూలుగా ఆయిల్ తగ్గితే మనకు భయం. ఇక్కడ పెరిగింది. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తే పట్టు లేదు, నీళ్ళలా జారిపోతోంది. వాసన చూస్తే డీజిల్. మసి కాల్చడానికి పంపిన డీజిల్ కాలకుండా సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలిసింది. అలా పలచబడిన ఆయిల్‌తో బేరింగులు ఎన్నాళ్ళు తిరుగుతాయి? దాని యజమాని కంపెనీని తప్పు పట్టాడు. ఇంజన్‌లో లోపం ఏమీ లేదు. ఆ పనికి ఆ బండి సరిపోలేదని ఎవరూ ఆయనకు చెప్పలేదు, అంతే. అప్పటి నుంచి ఎవరు డీజిల్ బండి గురించి అడిగినా ముందు ఎక్కడ తిప్పుతారని అడుగుతున్నాను.

పేరున్న ఇంజన్లకూ ఈ బాధ తప్పలేదు. ఆస్ట్రేలియాలో 2015 అక్టోబర్ నుంచి 2020 ఏప్రిల్ దాకా అమ్మిన హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో డీజిల్ బండ్లలో ఈ మసి ఫిల్టర్ గురించే కోర్టు కేసు నడిచింది. 2 లక్షల 60 వేలకు పైగా బండ్లు. 2022లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫిల్టర్ ఏర్పాటులో లోపం ఉందని కొన్నవాళ్ళ వైపు తీర్పు ఇచ్చింది. ఇంజన్ కట్టుబడిలో టయోటాను వంక పెట్టేవాళ్ళు తక్కువ. అయినా ఫిల్టర్ దగ్గర తడబడ్డారు. అందుకే పేరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దంటున్నాను.

మీకు మాత్రం ఇందులో ఒక మేలుంది. వారంలో మూడు రాత్రులు మదనపల్లె నుంచి హొసకోటె దాకా లోడుతో ఆగకుండా వచ్చే పరుగే ఆ ఫిల్టర్‌కు మందు. బరువు మోస్తూ వచ్చే ఇంజన్ పొగ వేడిగా ఉంటుంది, మసి దానంతటదే కాలిపోతుంది. మీలాంటి వాడకానికి డీజిల్ బండి సరైనదే. ఊళ్ళోనే తిరిగే వాళ్ళడిగితే నేను డీజిల్ వద్దంటాను. ఫిల్టర్ దీపం వెలిగిందంటే మాత్రం షాపుల పని కాసేపు పక్కన పెట్టి, బండి పుస్తకంలో చెప్పినట్టు హైవే మీద ఒకే వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు నడపాలి. పొగ గొట్టం అంత వేడెక్కిన వెంటనే మామిడి దించే చోట ఎండు వరిగడ్డి మీద బండి ఆపొద్దు. ఇది చాలామందికి తట్టదు, గడ్డి అంటుకుంటుంది. ఆయిల్ కూడా కంపెనీ రాసిన రకమే పోయాలి. మామూలు ఆయిల్ కాలితే మిగిలే బూడిద ఫిల్టర్లో ఉండిపోతుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఫిల్టర్ కోసేసి ఖాళీ డబ్బా బిగిస్తామనే షెడ్డు వాళ్ళుంటారు. వాళ్ళ మాట వినొద్దు, అది చట్టానికీ విరుద్ధం, రేపు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరా ఇబ్బందే.

కొన్ని మోడళ్ళలో డీజిల్ మూత పక్కన నీలం మూత ఉంటుంది. అందులో యూరియా ద్రావణం పోయాలి, బంకుల్లో క్యాన్లలో దొరుకుతుంది. మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి చెప్తున్నాను. ఇంట్లో యూరియా బస్తా ఉంది కదా అని బకెట్‌లో కలిపి పోయకండి. బంకులో అమ్మేది లవణాలు తీసేసిన నీటిలో 32.5 శాతం శుద్ధమైన యూరియా. పొలం యూరియా పోస్తే పంపులో, నాజిల్‌లో తెల్లగా గడ్డకట్టి, దాన్ని మార్చడానికి ఒక సీజన్ సంపాదన పోతుంది.

ఇంజన్ మాట ఇక్కడికి ఆపి బావగారి నడుము దగ్గరికి వస్తాను. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

పికప్‌లో నడుము నొప్పి రావడానికి సీటు ఒక్కటే కారణం అనుకుంటాం. నేను ముందు చూసేది డ్రైవర్ ఎక్కడ కూర్చున్నాడని. దోస్త్, ఇంట్రా లాంటి బండ్లలో ఇంజన్ సీటు కింద ఉంటుంది, మనిషి దాదాపు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు. గుంతలో చక్రం పడితే దెబ్బ నేరుగా వెన్నుకు ఎక్కుతుంది. ఇంజన్ వేడి, అదురు కూడా కిందనుంచే వస్తాయి. తొట్టి పొడవు ఎక్కువ రావడానికి, ఇరుకు సందుల్లో తిప్పుకోవడానికి అలా చేస్తారు, ఆ పనికి అవి చక్కని బండ్లు. బొలేరో, యోధాలకు ముక్కు ఉంటుంది, ఇంజన్ ముందు ఉంటుంది, డ్రైవర్ చక్రాలకు వెనక కూర్చుంటాడు. ఊపు అక్కడ తక్కువ. నడుము నొప్పి ఉన్న మనిషికి ముక్కు ఉన్న బండే నా సలహా. ఈ ఒక్క కారణంతో మిగిలిన రెండింటినీ మీ జాబితాలోంచి తీసేస్తున్నాను.

తర్వాత కమాన్ పట్టీలు. అవి నిండు లోడుకు లెక్కవేసి పెట్టినవి. లోడుతో వస్తుంటే బండి ఉయ్యాలలా ఉంటుంది, ఖాళీ అయ్యాక రాయిలా గుద్దుతుంది. బావగారికి ఎప్పుడు ఎక్కువ నొప్పి వస్తుందో అడగండి. రాత్రి లోడుతో వస్తున్నప్పుడా, పగలు ఖాళీ బండితో తిరుగుతున్నప్పుడా? పగలైతే టైరు గాలి చూడండి. చాలామంది నిండు లోడుకు కొట్టించిన గాలితోనే ఖాళీగా తిరుగుతారు. బండి తలుపు పక్కన స్టిక్కర్ మీద లోడుకు ఒక అంకె, ఖాళీకి ఒక అంకె రాసి ఉంటే దాన్నే పాటించండి. గాలి తగ్గించి మళ్ళీ లోడు వేసే ముందు కొట్టించడం మర్చిపోవద్దు, తగ్గిన గాలితో లోడు వేస్తే టైరు వేడెక్కి పగులుతుంది.

సీటు సంగతి షోరూమ్‌లో తేలదు. పికప్‌లో సీటు వెనక వెంటనే క్యాబిన్ గోడ ఉంటుంది, కాస్త వాల్చుకుందామన్నా చోటుండదు. షోరూమ్‌లో ఐదు నిమిషాలు కూర్చుంటే ఏ సీటైనా బాగానే ఉంటుంది. బావగారిని పంపి అరగంటకు తక్కువ కాకుండా నడిపించండి, అదీ లోడుతో. మీ ఖాళీ బాక్సుల్లో ఇసుక నింపి వేస్తామంటే ఒప్పుకునే షోరూమ్‌లు ఉన్నాయి, కొనేవాడు గట్టిగా అడగాలి. క్లచ్ ఎంత బరువుగా ఉందో, తొక్కినప్పుడు మోకాలు స్టీరింగ్‌కు తగులుతోందా లేదా చూడాలి. మన ట్రాఫిక్‌లో ఎడమకాలు రోజుకు కొన్ని వందల సార్లు క్లచ్ తొక్కుతుంది, ఆ లాగుడంతా నడుముకే. ఏసీ ఉన్న మోడల్ దొరికితే తీసుకోండి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు, అయితే ఆ నియమం మొత్తం బరువు 3.5 టన్నులు దాటినవాటికే. పికప్‌లకు వర్తించదు, మీరే అడిగి పెట్టించుకోవాలి.

ఇక తేల్చి చెప్తాను. మీ 80 బాక్సులకు 1.3 టన్నుల బండి చాలదు, 1.7 టన్నుల తరగతిది చూడండి. ఆ తరగతిలో బొలేరో, యోధా రెండూ ఉన్నాయి. నా మొగ్గు బొలేరో వైపు. మీ మరిది మాట మీద గౌరవంతో చెప్పడం లేదు. లీటరుకు తక్కువ కష్టపడే ఇంజన్, బావగారికి చేయి తిరిగిన రకం బండి, మదనపల్లె నుంచి బెంగళూరులో మన జేసీ రోడ్డు దాకా ఏ షెడ్డులోనైనా విప్పడం వచ్చినవాళ్ళు, దుకాణంలో సామాను. రాత్రి రెండు గంటలకు చింతామణి దగ్గర బండి ఆగితే టమాటా తెల్లారేదాకా ఎదురుచూడదు కాబట్టి నాకు ఇది అన్నిటికంటే పెద్ద విషయం. అయితే లోడుతో నడిపి చూశాక యోధా సీటులో నడుముకు సుఖంగా ఉందని బావగారంటే ఇంకేం ఆలోచించకుండా యోధా తీసుకోండి. ఇంజన్ మంచిదే, మామిడి సీజన్‌లో ఘాట్ మీద హాయిగా ఉంటుంది. మీ ఇంటి పక్కన దాని సర్వీసు ఎంత దూరంలో ఉందో మాత్రం ముందే చూసుకోండి. రెండూ పది లక్షలకు అటూ ఇటూ. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో ఆ అంకె సరిగ్గా ఉందో లేదో చూడండి.

కాగితాల్లో ఒక తేడా వస్తుంది. మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టంలో ఉంది. 1.7 టన్నుల బండి ఆ గీత దాటుతుంది. మీది రెండు రాష్ట్రాల మధ్య పని, కాబట్టి నేషనల్ పర్మిట్ ఖర్చు మొదటి రోజు నుంచే లెక్కలో వేసుకోండి. పర్మిట్ మిగులుతుందని చిన్న బండి కొని ఎక్కువ లోడు వేస్తే పాత కథే మళ్ళీ మొదలవుతుంది. లైసెన్స్ గురించి భయం అక్కర్లేదు. 7500 కిలోల లోపు సరుకు బండిని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మీ మరిదికి కారు లైసెన్స్ ఉంటే వారంలో ఒక రాత్రి ఆయన నడపవచ్చు. దయచేసి అలా ఏర్పాటు చేయండి, మూడు రాత్రులూ ఒక్కరి నడుము మీదే వేయకండి.

చివరగా ఆ తిమ్మిరి. మీరు దాన్ని ఉత్తరంలో ఒక వాక్యంలో దాటేశారు. నడుము నొప్పితో పాటు కాలు తిమ్మిరి పడుతోందంటే నరం నొక్కుకుంటోందేమో డాక్టరు చూడాలి. బెల్టు పెట్టుకుని, సీటు మీద దిండు వేసుకుని సర్దుకునే దశ దాటి ఉండొచ్చు. షోరూమ్‌లో అడ్వాన్సు కట్టే ముందు బావగారిని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కొన్నాళ్ళు నడపొద్దని ఆయన అంటే లోన్ కూడా అన్నాళ్ళు ఆగనివ్వండి, ఈలోపు లోడుకు వేరే డ్రైవర్‌ను పెట్టుకోండి. డాక్టరు ఏమన్నారో నాకు రాయండి, బండి సంగతి ఆ తర్వాత మళ్ళీ మాట్లాడుకుందాం.